చేతులెత్తే లోయ – 9: మధ్యలో ఆపకూడని పిలుపు

పోయిన వారం వెరేనాని మేతకొండ మీద గుడిసె తలుపు ముందు వదిలేసి వచ్చాం. పాపం, గడియ మీద చెయ్యి పెట్టుకుని అప్పటినుంచీ అక్కడే నిలబడి ఉంది. ఈ వారం తలుపు తీయిస్తాను. దానికి ముందు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు.

వెరేనా భర్త బేయాట్ మా లోయలో గొర్రెల కాపరి. పోయిన శరత్కాలంలో ఒక పొగమంచు కమ్మిన సాయంత్రం, మందలో సగానికి సగం గండిలో పడి చచ్చాయి. వాటి కింద బేయాట్ కూడా దొరికాడు. గొర్రెల మీద పంటిగాట్లున్నాయి. ఇంకేం, తోడేలు తరిమిందన్నారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మా కొండల్లో కాపరి రోజూ సాయంత్రం సిలువ దగ్గర నిలబడి, చెక్క గరాటు నోటికి పెట్టుకుని, మందకి కాపుదల కోరుతూ పిలుపు పిలుస్తాడు. ఆ గొంతు ఎంత దూరం వినబడితే అంత దూరం ఏ కీడూ రాదని నమ్మకం. ఆ రోజు లోయలో ఎవరికీ పిలుపు వినబడలేదు. "బద్ధకించాడు. పిలవడం మానేశాడు. తోడేలు వచ్చింది" అన్నారు. చనిపోయినవాడి మీద వేసిన నింద వాడితోపాటు మట్టిలోకి వెళ్లదు, ఇంట్లోనే ఉంటుంది.

ఈ వసంతంలో మంచు కరగడం మొదలయ్యాక ఇంకోటి మొదలైంది. ఎవరూ లేని ఆ కొండ మీంచి రోజూ సాయంత్రం పిలుపు వినబడుతోంది. అచ్చంగా బేయాట్ గొంతే. పని ఎగ్గొట్టిన కాపరి చచ్చాక తిరిగొచ్చి ఆ పని చేస్తాడని మా ముసలివాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు పడుచువాళ్లు కూడా చెబుతున్నారు. వెరేనా కూతురు ఆనెలీ సూపు గిన్నె ముందేసుకుని కిటికీ దగ్గరే కూర్చుంటుంది, నాన్న పిలిచేదాకా చెంచా ముట్టదు.

రేపు లోయ సభ, అందరూ చేతులెత్తి ఓటేసే రోజు. లోయలోని తోడేళ్లన్నిటినీ, పిల్లల్తో సహా, కాల్చేయాలని బేయాట్ తండ్రి మైన్‌రాడ్ ప్రతిపాదన పెట్టాడు. దాన్ని అందరూ "బేయాట్ ప్రతిపాదన" అనే అంటున్నారు. దాన్ని సమర్థిస్తూ మాట్లాడాల్సింది వెరేనా. తన భర్త పేరు మీద చేతులెత్తించే ముందు, ఆ పేరుతో పిలుస్తున్నది ఎవరో చూద్దామని కొండెక్కింది. పిలుపు అప్పుడే అయిపోయింది. ఎవరో గుడిసెలోకి వెళ్లిన చప్పుడు విన్నది.

ఇక తలుపు తీద్దాం.

బల్ల మీద మైన్‌రాడ్ కూర్చుని ఉన్నాడు. గరాటు ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బూట్ల నుంచి మంచు కరిగి నేల మీద మడుగు కట్టింది.

వెరేనాకి ఒక్కసారిగా ఒళ్లంతా తేలికైంది. దెయ్యం కాదు. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. దెయ్యం కాకపోతే బేయాట్ కూడా కాదు. దారంతా తనకి తెలీకుండానే ఎంత ఆశపడుతూ ఎక్కిందో అప్పుడు అర్థమై ఏడుపొచ్చింది.

"మామయ్యా, మీరా?"

"తలుపెయ్యి. చలి."

"జపమాల ప్రార్థనకి చర్చికి వెళ్తున్నానని చెప్పి రోజూ ఇక్కడికొస్తున్నారా? పిల్ల నాన్న పిలిచాడని చెబుతుంటే, తిరిగొచ్చి పక్కన కూర్చుని సూపు తాగుతారే, మీకు గొంతు ఎలా దిగుతుందసలు?"

"దిగదు" అన్నాడు మైన్‌రాడ్. "నువ్వు చూడవు గానీ, నేను రొట్టె ముట్టి ఎన్నాళ్లయిందో."

"ఎందుకు చేస్తున్నారిది? ఓట్ల కోసమా? చచ్చినవాడు పిలుస్తున్నాడంటే జనం భయపడి చేతులెత్తుతారనా?"

ముసలాయన తలెత్తాడు. ఆ మాట ఆయనకి కొత్త అని ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"ఓట్లా? ఛ. నన్ను అంత నీచుణ్ణనుకున్నావా? ఊళ్లోకి వినబడుతోందని మొదట నాకు తెలీనే తెలీదు. తెలిశాక ఆపుదామనుకున్నా. ఆపలేకపోయాను."

"మరెందుకు?"

గుడిసెలో పోయిన ఏటి పొగ వాసన ఇంకా ఉంది. బేయాట్ కోటు తగిలించుకునే మేకు గోడకి అలాగే ఉంది. దాన్ని చూడకుండా ఉండాలని వెరేనా కిటికీ వైపు తిరిగింది. సిలువ అక్కడినుంచి కనబడుతోంది, దాని కింద గొర్రెలకి ఉప్పు వేసే పలకరాళ్లు. పిలుపు అయిపోగానే బేయాట్ ఆ రాళ్ల మీద ఉప్పు చల్లేవాడు. పిలుపు మొదలైతే చాలు, మంద ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది.

"ఆ రోజు నేను ఇక్కడే ఉన్నా" అన్నాడు మైన్‌రాడ్.

"ఏ రోజు?"

"ఆ రోజే."

వెరేనా కిటికీ వదిలి ఆయన వైపు తిరిగింది.

"రొట్టె, ఉప్పు మోసుకొచ్చా. వాడు లేడు. కుంటి గొర్రె ఒకటి పైకెళ్లిపోయిందని వెతుక్కుంటూ పోయాడు. పొగమంచు దిగిపోయింది. చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. పొద్దు గూకుతోంది, వీడు రాడు. పిలుపు తప్పిపోతోందే అని నా ఆరాటం. మా నాన్న తప్పలేదు, మా తాత తప్పలేదు. జ్వరంతో ఉన్నా మోకాళ్ల మీద పాకి వెళ్లి పిలిచినవాళ్లు. వీడి హయాంలో తప్పిపోతుందా అనుకున్నా. గరాటు తీసుకుని నేనే బయల్దేరా."

"మీరు పిలిచారా? మరి ఊళ్లో ఎవరికీ..."

"విను. చెప్పనీ. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను." ఆయన గరాటు పక్కన పెట్టాడు. "ఎడమ చెయ్యి సిలువ మీద వేసి పిలవాలి కదా. మంచులో చెయ్యి చాపుకుంటూ నడిచా. కొయ్య తగిలింది. సిలువే అనుకున్నా. పైదాకా తడిమి చూసుంటే అడ్డకర్ర లేదని తెలిసేది. చూడలేదు. నలభయ్యేళ్లు నడిచిన దారి, నాకేం చూడాలి? అది సిలువ కాదు వెరేనా. గండి అవతల పాతిన గుంజ, జనం ఇటు రావద్దని మేమే పాతాం. గండి మీది చెక్కవంతెన ఎప్పుడు దాటానో కూడా తెలీలేదు. గండికి అవతలి ఒడ్డున నిలబడి పిలిచా, అక్కణ్ణుంచి ఊళ్లోకి వినబడదు."

వెరేనాకి అర్థం కావడం మొదలైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. మంద ఇవతల ఉంది. పిలుపు అవతల ఉంది. మధ్యలో గండి.

"గంటలు వినబడ్డాయి" అన్నాడు. "మెడగంటలు. వస్తున్నాయి, మంచి గొర్రెలు, మాట వింటాయి అనుకున్నా. సంతోషం కూడా వేసింది, నా గొంతుకి ఇంకా వస్తున్నాయని. తరవాత గంటలు కిందికి పోతున్నాయి. ఒకటి ఆగిపోయింది. ఇంకోటి. అప్పుడు వాడి కేక వినబడింది. 'నాన్నా, ఆపు! ఆపు నాన్నా!'"

"ఆపలేదా?"

ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఆయన ఈ కొండెక్కుతున్నాడేమో. రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు.

"పిలుపు మధ్యలో ఆపకూడదు. నీకు తెలుసు. మొదలెట్టి ఆపితే కాపుదల తెగిపోతుందని పాలు తాగే వయసు నుంచి చెప్పారు. వాడికేదో ఆపద వచ్చిందని తెలిసింది. తెలిసే, ఇంకా గట్టిగా పిలిచా. వాణ్ణి కాపాడమనే పిలిచా. చివరి మాట దాకా పిలిచి గరాటు దించా. ఒక్క గంట కూడా మోగడం లేదు."

బయట మంచు నీళ్లు చూరు నుంచి కారుతున్నాయి. వెరేనా గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు. ఆ సాయంత్రం బేయాట్ మందకి అడ్డం పడబోయి మంచులో పరిగెత్తుతూ అరుస్తున్న అరుపు ఒక్కటే చెవుల్లో ఉంది, తను వినని అరుపు.

కాసేపటికి కోపం కూడా వచ్చింది, మరో దారిన.

"తోడేలు లేనే లేదన్నమాట."

"తరవాత వచ్చి తినుంటుంది. నక్కలు కూడా."

"అది సరే. ఆయన బద్ధకించాడన్నారు. పిలుపు ఎగ్గొట్టాడన్నారు. చర్చి మెట్ల మీద నా ముందే అన్నారు మామయ్యా. మీరు నా పక్కనే ఉన్నారు. టోపీ సర్దుకున్నారు. అంతే చేశారు. సొంత కొడుకుని దొంగకాపరి అంటుంటే టోపీ సర్దుకున్నారు!"

"అనుకోనిచ్చా" అన్నాడు మైన్‌రాడ్. "నోరు తెరిస్తే నా చేత్తో నేనే చంపానని చెప్పాలి. తెరవలేకపోయా. అందుకే ఇప్పుడు రోజూ వచ్చి సరైన చోటు నుంచి పిలుస్తున్నా. సిలువ మీద చెయ్యేసి, అడ్డకర్ర తడిమి చూసుకుని. వాడు ఆ గండిలోంచి ఇటు దారి చూసుకుని వస్తాడేమోనని. పిచ్చి అంటావు. అను."

వెరేనా అనలేదు. తను కూడా అందుకే ఎక్కింది కాబట్టి.

"రేపు ప్రతిపాదన వెనక్కి తీసుకోండి."

"తీసుకోను."

"మామయ్యా!"

"నాకు తోడేలు కావాలమ్మాయీ" అన్నాడాయన, మెల్లగా, సిగ్గుపడుతూ. "పొద్దున్న లేవగానే తిట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అది లేకపోతే మిగిలేది నేనొక్కణ్ణే. నువ్వు రేపు ఏం చెప్పినా నేను కాదనను. నా పేరు చెప్పు, చెప్పకపో. కానీ నన్ను వెనక్కి తీసుకోమనకు."

ఇద్దరూ కలిసే కొండ దిగారు. దారి జారుడుగా ఉన్నచోట ఆయన చెయ్యి అందించాడు. అలవాటు కొద్దీ వెరేనా పట్టుకుంది, పట్టుకున్నాక వదల్లేకపోయింది.

సభ రోజు మా లోయ ఎలా ఉంటుందో మా లోయవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊరి కూడలిలో చెక్కలతో వలయం కడతారు, జనం అందులో నిలబడతారు, మధ్యలో వేదిక. వేదిక కాళ్ల దగ్గర పిల్లల్ని కూర్చోబెడతారు, రేపు వాళ్లే కదా చేతులెత్తాల్సింది. పెట్టెలో వేసే ఓటు మాకు రుచించదు. ఎవరు ఎటు ఎత్తారో పక్కింటివాడు చూడాలి, అప్పుడే అది ఓటు. ఈ పద్ధతి వల్ల మేం ధైర్యవంతులమయ్యామని పుస్తకాల్లో రాస్తారు. పక్కింటివాడి చెయ్యి లేచాక మన చెయ్యి లేపడం కూడా ఈ పద్ధతిలోనే నేర్చుకున్నామని ఎవరూ రాయరు. లెక్క కూడా ఉండదు. సభాధ్యక్షుడు వేదిక మీంచి చేతుల అడవిని ఒకసారి కలయజూసి ఎటు ఎక్కువో చెబుతాడు. ఆయన కన్ను చెప్పిందే తీర్పు. దాని మీద రాజధాని బెర్న్‌లో ప్రభుత్వం ఏమంటుందో తరవాతి సంగతి.

ఈసారి అధ్యక్షుడు కాస్పర్. మంచివాడు, కొంచెం హ్రస్వదృష్టి అని గిట్టనివాళ్లు అంటారు.

మొదట కసాయి ఫ్రిడోలిన్ మాట్లాడాడు. "పట్నంవాళ్లు తోడేళ్ల ఫోటోలు చూసి ముద్దొస్తున్నాయంటారు. అంత ముద్దొస్తే తీసుకెళ్లి మీ పరుపు మీద పడుకోబెట్టుకోండి!" జనం నవ్వారు. "మన బేయాట్ ఒక పూట పిలుపు మరిచాడు. తప్పే. ఆ తప్పుకి ప్రాణం ఇచ్చాడు. ఇంకా శాంతి లేక రోజూ సాయంత్రం పిలుస్తున్నాడు, మీ చెవులతో మీరే విన్నారు. ఏమడుగుతున్నాడు? తోడేలు నోరు కట్టమని అడుగుతున్నాడు. కడదామా వద్దా?"

నవ్వులు ఆగిపోయాయి. కొందరు కొండ వైపు చూశారు.

వెరేనా వేదిక ఎక్కింది. నల్ల దుస్తుల్లో ఆమెని చూసి జనం టోపీలు తీశారు. ముందు వరసలో ఆనెలీ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆ పిల్ల ముఖం చూడగానే, రాత్రంతా కూడగట్టుకున్న మాటలు వెరేనాకి సగం ఎగిరిపోయాయి.

"అధ్యక్షా, తోటి పౌరులారా. నా భర్త పేరు ఈ ప్రతిపాదన మీంచి తీసేయండి. ఆయన్ని తోడేలు చంపలేదు. ఆయన పిలుపు మరిచిపోలేదు. ఆ రోజు పిలుపు పిలిచారు."

వలయం ఒక్కసారిగా గగ్గోలెత్తింది.

"ఎవరు పిలిచారు? మాకెవరికీ వినబళ్లేదే!" అని ఫ్రిడోలిన్ ఒంటికాలి మీద లేచాడు. "పట్నంవాళ్లు ఏమిచ్చారమ్మా నీకు?"

కాస్పర్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "వెరేనా, ఇక్కడ చెప్పే మాటకి సాక్ష్యం ఉండాలి. మరి ఆ రోజు ఏం జరిగింది? ఎవరు పిలిచారు?"

ఆమె వలయంలోకి చూసింది. మైన్‌రాడ్ వెనక వరసలో నిలబడి ఉన్నాడు. రాత్రి దారిలో పట్టుకున్న చెయ్యి. పెళ్లయి వచ్చిన కొత్తలో తనకి ఈ కొండల దారులన్నీ చూపించిన మనిషి. నోరు తెరిచింది. ఆ పేరు రాలేదు.

"చెప్పలేను" అంది. కిందికి దిగిపోయింది. అక్కడ నిలబడ్డ మాలో చాలామంది ఆమెని ఆ నిమిషాన అబద్ధాలకోరు అనుకున్నాం, దాచడం ఎందుకు.

కాస్పర్ ఓటుకి పిలిచాడు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తారు, ఒప్పుకోనివాళ్లు ఎత్తారు. ఆయన కళ్లు చిట్లించి చూశాడు. తేలడం లేదన్నాడు. మళ్లీ ఎత్తమన్నాడు. మళ్లీ తేలలేదు. మూడోసారి అయితే, పద్ధతి ప్రకారం పెద్దలు నలుగురిని వేదిక మీదికి పిలిచి, అందరూ కలిసి చూడాలి. వాళ్లు మెట్లెక్కుతుండగా ఫ్రిడోలిన్ వెనక్కి తిరిగి అరిచాడు.

"మైన్‌రాడ్! రెండుసార్లూ నీ చెయ్యి లేవలేదు. ప్రతిపాదన నీది, చెయ్యి ఏదీ?"

జనం అందరూ తిరిగారు. ముసలాయన కదిలాడు. దారిచ్చారు. వేదిక దాకా వెళ్లాడు గానీ ఎక్కలేదు, పిల్లల ముందు నిలబడ్డాడు. రెండు అరచేతులు గరాటులా చేసి నోటికి పెట్టుకున్నాడు.

"ఈ కొండ మీద, ఈ మంద మీద, నా గొంతు పోయినంత దూరం దేవుడి కంచె నిలబడనీ... మరియమ్మ తల్లీ, గిట్టలు కాయి, కొమ్ములు కాయి, దారి తప్పినవాడి చెయ్యి పట్టు..."

బేయాట్ గొంతు. రోజూ సాయంత్రం కొండ మీంచి దిగివచ్చే గొంతు, పట్టపగలు, మా మధ్య నుంచి. ఆడవాళ్లు సిలువ గుర్తు వేసుకున్నారు. పిలుపు మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, అందుకని ఎవరూ మాట్లాడలేదు, తల వంచుకుని చివరి దాకా నిలబడ్డారు. ఆనెలీ ఒక్కతే లేచింది. తాతయ్య నోటి వైపు చూస్తూ రెండడుగులు వేసి, "నాన్న కాదా?" అంది.

మైన్‌రాడ్ చేతులు దించాడు. "ఆ రోజు పిలిచింది నేను" అన్నాడు. "మంచులో గండి అవతల నిలబడి పిలిచా. మంద నా గొంతుకి వచ్చింది. నా కొడుకు ఆపమన్నాడు. ఆపలేదు. వాడు ఏ తప్పూ చేయలేదు. ఇక వాడి గురించి ఎవరూ ఏమీ అనకండి."

ముందుగా అర్థమైంది కాపరులకి. వలయంలో అక్కడక్కడా ఒక్కో కాపరి నెత్తి మీంచి టోపీ తీసి గుండెకి పెట్టుకున్నాడు. వాళ్లని చూసి మిగతావాళ్లకి అర్థమైంది. ఫ్రిడోలిన్ తన బూట్లు చూసుకుంటూ ఉండిపోయాడు. వెరేనా కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఆ తల తన పొట్టకి అదుముకుంది. బేయాట్ పేరు కడిగిన ముత్యంలా బయటపడింది. దాని వెల ఎదురుగా నిలబడి ఉంది, రెండు చేతులూ ఖాళీగా వేలాడేసుకుని.

పాపం కాస్పర్‌కి ఏం చేయాలో తోచలేదు. కానీ అడిగిన ఓటు ముగించకుండా సభ లేవకూడదు. అది కూడా మధ్యలో ఆపకూడనిదే. గొంతు సవరించుకుని, ఎవరి వంకా చూడకుండా అన్నాడు:

"మూడోసారి అడుగుతున్నాను. తోడేళ్లని కాల్చేయాలన్న ప్రతిపాదనకి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి కూడా కదల్లేదు. పక్కవాడు ఎత్తుతాడేమోనని అందరూ పక్కవాణ్ణి చూస్తున్నారు. అంత జనంలో, అంత నిశ్శబ్దంలో, ఒకే ఒక చెయ్యి లేచింది. ఎవరిదా అని వెరేనా తల తిప్పి చూసింది.

మైన్‌రాడ్‌ది. వెనకనే ఇంకో చెయ్యి లేచింది. దాని పక్కన మరోటి.